ఎర్రబడిన కన్నంతా కండ్లకలక కాదు: చూపు, నొప్పి, వెలుతురు చెప్పే తేడాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది నిడమనూరు వైపు ఊరు. అమ్మగారికి 54 ఏళ్లు. వరికోతలప్పుడు గడ్డిమోపు ఎత్తుతుంటే వరి ఆకు కుడికంటికి గీసుకుంది. మర్నాటి నుంచి కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేస్తే రెండు రోజులు ఎరుపు తగ్గింది. వారం దాటాక నొప్పి మళ్లీ ఎక్కువైంది, నల్లగుడ్డు మీద చిన్న తెల్లచుక్క కనిపిస్తోంది. ఇరుగుపొరుగులో ఒకరు కండ్లకలక అంటే ఇంకొకరు శుక్లం అంటున్నారు. నాన్నగారికి ముక్కు వైపు నుంచి కంట్లో కండ పెరుగుతోంది. ఇవన్నీ ఒకటేనా, వేరువేరైతే ఎలా పోల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు అమ్మగారి సంగతి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఆ చుక్కలు ఇప్పుడే ఆపేయండి. సీసా మాత్రం పారేయకుండా వెంట పెట్టుకుని ఈ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేపు సంత ఉంది, ఎల్లుండి కూలీలు వస్తారు అని వాయిదా వేయవద్దు. నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో కంటి విభాగం ఉంటుంది. మీకు మిర్యాలగూడ దగ్గరనిపిస్తే అక్కడ స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూసే యంత్రం) ఉన్న కంటి డాక్టరు ఎవరైనా సరే. పంట ఆకు తగలడం, ఎరుపు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం, నొప్పి పెరగడం, తెల్లచుక్క రావడం, ఈ నాలుగూ ఒకే కంట్లో కలిశాయంటే అది కార్నియా మీద పుండు అయ్యే అవకాశమే ఎక్కువ. చూడకుండా తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ చూపించేదాకా దాన్ని పుండుగానే లెక్కపెట్టాలి.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా కూర్చున్న పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుతురు లోపలికి సరిగా పోదు. రక్తం లేని చోటు కాబట్టి సూక్ష్మజీవులతో పోరాడే కణాలు అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది. వరి ఆకు అంచు గీసినప్పుడు పైపొర లేచిపోతుంది. ఆ ఆకు మీద, మట్టిలో, ఎండుగడ్డిలో ఉండే బూజుజాతి శిలీంధ్రాలు ఆ గీతలో చేరతాయి. దక్షిణ భారతంలో పొలం పనులు చేసేవారి కంటిపుండ్లలో ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు రకాల శిలీంధ్రాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇవి బాక్టీరియాలా ఒకటి రెండు రోజుల్లో కన్ను మీద పడిపోవు. మొదటి మూడు నాలుగు రోజులు ఇసుక పడ్డట్టు గరగర, కాస్త నీరు, కాస్త ఎరుపు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని చిన్న విషయం అనుకుంటారు. ఆ తర్వాత బూడిదరంగు తెల్లమచ్చ వస్తుంది. దాని అంచులు నున్నగా ఉండవు, పీచులు పీచులుగా పక్కలకు పాకుతుంటాయి. ఇంకా ముదిరితే నల్లగుడ్డు అడుగుభాగాన చీము గీత గీసినట్టు నిలబడుతుంది.

రెండు రోజులు ఎందుకు తగ్గింది అని మీకు అనిపించి ఉంటుంది. సీసా మీది చిన్న అక్షరాలు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, వీటిలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తుంది. స్టెరాయిడ్ కంటి వాపును అణచేస్తుంది, ఎరుపు పోతుంది, మనిషికి సుఖంగా ఉంటుంది. కానీ ఆ ఎరుపు, వాపు శరీరం చేస్తున్న పోరాటం. దాన్ని ఆపేస్తే శిలీంధ్రానికి అడ్డు ఉండదు. పైకి కన్ను తెల్లబడుతుంటే లోపల పుండు లోతుకు దిగుతుంటుంది. మా దగ్గరికి వచ్చే కార్నియా పుండ్లలో ఆలస్యమైన వాటి కథ చాలావరకు ఇదే: ఆకు తగిలింది, చుక్కలు వేశారు, తగ్గింది, తిరగబెట్టింది. దుకాణంలో కౌంటరు వెనుక ఉన్న మనిషికి మీ అమ్మగారి మీద కోపమేమీ లేదు. అతని దగ్గర కార్నియాను పెద్దదిగా చేసి చూసే యంత్రం లేదు, అంతే. అది లేకుండా ఏ చుక్కలు వేయాలో ఎవరూ నిర్ణయించకూడదు.

ఆసుపత్రిలో ఏమి చేస్తారో ముందే తెలిస్తే అమ్మగారు భయపడరు. కంట్లో నారింజరంగు చుక్క ఒకటి వేసి నీలికాంతిలో చూస్తారు. పైపొర లేచిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. మత్తుచుక్కలు వేసి పుండు అంచును మెల్లగా గీకి, ఆ పదార్థాన్ని గాజుపలక మీద పరుస్తారు. సూక్ష్మదర్శిని కింద శిలీంధ్రపు పోగులు కనిపిస్తే నాటామైసిన్ 5 శాతం చుక్కలు మొదలుపెడతారు. మొదటి రోజుల్లో గంటగంటకూ వేయాలి. ఆ చుక్కలు పాలలా తెల్లగా ఉంటాయి, వేసేముందు సీసా బాగా కుదపాలి. మానడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. అంతవరకు ఇంట్లో ఒకరు ఆ పని మీదే ఉండాలి. మానిన చోట తెల్లమచ్చ మిగులుతుంది. ఊళ్లలో కంట్లో పువ్వు వేసింది అంటారే, చాలాసార్లు అది ఇదే. కంటిపాపకు ఎదురుగా లేకపోతే చూపు బాగానే నిలుస్తుంది. మధ్యలో ఉంటే తర్వాత కార్నియా మార్పిడి గురించి ఆలోచించాల్సి వస్తుంది. అందుకే ఒక్కరోజు ముందు వెళ్లడం అంత విలువైనది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కన్ను ఎంత ఎర్రగా ఉందో చూసి రోగాన్ని పోల్చుకోవడం కుదరదు. చూడటానికి భయం పుట్టించేంత ఎర్రగా ఉన్నా ఏ ప్రమాదమూ లేని కన్ను ఉంటుంది. కొద్దిపాటి ఎరుపుతోనే చూపు పోగొట్టుకుంటున్న కన్నూ ఉంటుంది. నేను నల్లగొండలో ఏళ్ల తరబడి కంటి డాక్టరుగా పనిచేస్తున్నాను. రోగి లోపలికి రాగానే నేను ముందు గమనించేది ఎరుపును కాదు. ఆమె కొంగు ఎక్కడ ఉందో చూస్తాను. నీడలో, గది లోపల కూడా కొంగు కంటి మీంచి తీయలేకపోతుంటే అది మామూలు కండ్లకలక కాకపోవచ్చు.

ఇంట్లో మీరు చేయగల పరీక్ష చాలా చిన్నది. గోడ మీది కేలండర్‌కు నాలుగైదు అడుగుల దూరంలో మనిషిని నిలబెట్టండి. చదువు రానివారైతే కేలండర్ మీది దేవుడి బొమ్మలో ఆభరణాలు, పూలు అడగండి. అరచేతితో ఒక కన్ను మూయించి రెండో కంటితో చూడమనండి, తర్వాత మార్చండి. కన్ను మీద వేళ్లతో నొక్కకూడదు. ఎర్రబడిన కంటికి చూపు తగ్గిందా? తగ్గితే రెండుమూడుసార్లు రెప్పవేసి మళ్లీ చూడమనండి. పుసి అడ్డుపడి మసకగా ఉంటే రెప్పవేయగానే తేటపడుతుంది. కార్నియా దెబ్బతింటే, లోపల వాపు ఉంటే, ఎన్నిసార్లు రెప్పవేసినా అలాగే ఉంటుంది. ఆ తర్వాత నొప్పి అడగండి. గరగర, దురద, మంట వేరు. కంటి లోపలి నుంచి కణతకు లాగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి వేరు. చివరగా వాకిట్లోకి రమ్మనండి. వెలుతురు తగలగానే కన్ను బిగబట్టుకుపోయి నీళ్లు ధారకడితే అది హెచ్చరిక. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే డాక్టరు చూడాలి. మూడూ లేకపోతే సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆగి చూడవచ్చు.

ఎరుపు ఎక్కడ ఎక్కువగా ఉందో కూడా కొంత చెబుతుంది. కింది రెప్పను మెల్లగా లాగి చూడండి. రెప్పల లోపలి వైపు, కంటి మూలల్లో ఎక్కువ ఎర్రగా ఉండి నల్లగుడ్డు దగ్గరకు వచ్చేసరికి పలచబడితే అది ఎక్కువగా కండ్లకలక. నల్లగుడ్డు చుట్టూ కడియం వేసినట్టు ఎరుపు, ఊదా కలిసిన వలయం ఉంటే అది కార్నియా రోగమో, లోపలి రోగమో కావచ్చు.

కండ్లకలక గురించి అందరికీ తెలుసు కాబట్టి తక్కువ చెబుతాను. 2023 జులై, ఆగస్టు నెలల్లో మన రాష్ట్రమంతా ఎలా చుట్టుకుందో గుర్తుండే ఉంటుంది. అలా ఊళ్లకు ఊళ్లు, గురుకుల హాస్టళ్లు పట్టుకునేది ఎక్కువగా వైరస్ రకం. ఒక కంటితో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి వస్తుంది, నీరు కారుతుంది, చెవి ముందు చిన్న గడ్డ తగులుతుంది, జలుబు గొంతునొప్పి తోడు ఉండవచ్చు. వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ను చంపవు. బాక్టీరియా రకంలో పసుపుపచ్చని చీములాంటి పుసి వచ్చి పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతాయి. దానికి యాంటీబయాటిక్ పనిచేస్తుంది. చూస్తే అంటుకుంటుందనే మాట నిజం కాదు. చేతులు, తువ్వాలు, దిండు గలీబు, ఒకరు వాడిన చుక్కల సీసా, వీటి ద్వారా అంటుకుంటుంది. నల్లకళ్లద్దాలు వెలుతురు నుంచి సుఖం ఇస్తాయి గానీ పక్కవారిని కాపాడవు. కండ్లకలక అనుకున్నది వారం తర్వాత మసక వేసినా, వెలుతురు భరించలేకపోయినా కార్నియాకు పాకిందని అనుమానించి చూపించండి. పుట్టిన నెలలోపు పసిబిడ్డకు కంట్లో చీము వస్తే అది ఇంటివైద్యం చేసుకునేది కాదు, వెంటనే ఆసుపత్రే.

దురద ముఖ్యలక్షణంగా ఉన్న కన్ను అలర్జీ. ఇక్కడ నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే పాలమూరు, నల్లగొండ ఎండల్లో పెరిగే పిల్లల్లో దీన్ని చాలా చూస్తాను. ఐదారేళ్ల వయసులో మొదలవుతుంది, మగపిల్లల్లో ఎక్కువ. మార్చి రాగానే రెండు కళ్లూ దురద, పిడికిలితో నలుపుకోవడం, దారంలా సాగే పుసి, తెల్లగుడ్డు మట్టిరంగు తిరగడం. పై రెప్పను తిరగేస్తే గులకరాళ్లు పరిచినట్టు బొడిపెలు కనిపిస్తాయి. యుక్తవయసు దాటేసరికి చాలామందిలో తగ్గిపోతుంది. రోగం కన్నా దాని చుక్కలే ఎక్కువ ప్రమాదం. ఒకసారి డాక్టరు రెండు వారాలకని రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలు బాగా పనిచేస్తాయి. ఆ ఖాళీ డబ్బా చూపించి ప్రతి వేసవికీ, తర్వాత ప్రతి నెలకూ కొనుక్కుంటారు. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక పదోతరగతి అబ్బాయి బడిలో బల్లలకు గుద్దుకుంటున్నాడని తల్లి తీసుకొచ్చింది. కళ్లు తెల్లగా, దురద లేకుండా ఉన్నాయి. కంటి నుంచి మెదడుకు పోయే నేత్రనాడి మాత్రం చాలావరకు ఎండిపోయింది. ఏళ్ల తరబడి వేసిన స్టెరాయిడ్ కంటి పీడనాన్ని పెంచి నీటికాసులు (గ్లకోమా) తెచ్చింది. పోయిన ఆ చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. పిల్లవాడికి దురద ఉంటే చన్నీటి గుడ్డ కాపడం, అలర్జీని ఆపే చుక్కలు, కళ్లు నలపకుండా చూసుకోవడం. స్టెరాయిడ్ అవసరమైతే డాక్టరు చెప్పినన్ని రోజులే, కంటి పీడనం కొలిపించుకుంటూ. నలపడం వల్ల కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు కూడా ఇలాంటి పిల్లల్లో వస్తుంది.

ఎర్రకన్నులో అందరూ పొరబడేది ఇంకొకటి ఉంది, హఠాత్తుగా వచ్చే నీటికాసులు. నలభై, యాభై దాటినవారిలో, ఆడవారిలో ఎక్కువ. సాయంత్రం వేళ ఒక్కసారిగా కంటిలో, అదే వైపు తలలో భరించలేని నొప్పి, వాంతులు, చూపు మసక. దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తాయి. కంటిపాప పెద్దదై వెలుతురు వేసినా కదలదు. వాంతులు, తలనొప్పి చూసి పైత్యం అనో బీపీ అనో సెలైన్ పెట్టించుకుని రెండు రోజులు గడిపేస్తారు. కంటి లోపల నీరు బయటికి పోయే సందు మూసుకుపోయి పీడనం అమాంతం పెరగడం దీనికి కారణం. గంటల లెక్కన చూపు పోతుంది. వాంతులతో తలనొప్పి వచ్చిన పెద్దమనిషి కన్ను ఎర్రగా ఉందా అని ఒక్కసారి చూడండి, అంత చిన్న పనితో ఒక కన్ను దక్కుతుంది.

కనుపాప చుట్టూ ఉండే రంగుపొర వాచడం మరొకటి. యువకుల్లో కూడా వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. పొద్దున్నే నడుము పట్టేసే కీళ్లవాతం, క్షయ వంటివి దీని వెనుక ఉండవచ్చు. నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, చిన్నదైపోయిన కంటిపాప. దీనికి స్టెరాయిడ్ చుక్కలే మందు. అమ్మగారి కంటికి విషమైన సీసాయే ఈ కంటికి చూపు నిలుపుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఎర్రకళ్లే. పక్కింటివారికి పనిచేసిన చుక్కలు మనం ఎందుకు వేసుకోకూడదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక భయపెట్టినా హాని లేనిది: పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే తెల్లగుడ్డు మీద రక్తం ఒలికినట్టు ముదురు ఎర్రమచ్చ. నొప్పి లేదు, చూపు బాగుంది, పుసి లేదు. గట్టిగా దగ్గినా, బరువెత్తినా చిన్న రక్తనాళం చిట్లి అలా అవుతుంది. రెండు వారాల్లో పసుపుపచ్చగా మారి పోతుంది. చుక్కలు అక్కర్లేదు. బీపీ మాత్రం చూపించుకోండి. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారైతే, మచ్చలు తరచూ వస్తుంటే డాక్టరుకు చెప్పండి. తలకు దెబ్బ తగిలాక వస్తే ఇది వర్తించదు. రెప్ప అంచున నొప్పితో లేచే కంటికురుపుకు గోరువెచ్చని కాపడం చాలు.

కంట్లో తెలుపు కనిపించినప్పుడు అది ఎక్కడ ఉందో చూడాలి. మనిషిని కూర్చోబెట్టి ఫోను లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి. తెలుపు నల్లగుడ్డు పైన, పైపొర మీదే ఉన్నట్టు కనిపించి, పాప గుండ్రాన్ని దాటి ఎటైనా ఉండగలిగితే అది కార్నియా మచ్చ. దాంతో పాటు ఎరుపు, నొప్పి ఉంటే పచ్చిపుండు. ఏళ్లుగా ఉండి నొప్పి లేకపోతే పాతమచ్చ. తెలుపు కంటిపాప గుండ్రంలోనే, లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటే శుక్లం. ఎర్రని సన్న నరాలతో త్రికోణంగా తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి ఎక్కితే కండ. పసిపిల్లల కంటిపాప తెల్లగా మెరిస్తే, ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండో కన్ను తెల్లగా పడుతుంటే ఆ వారం దాటనివ్వకండి. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, కంటి లోపల వెనుక ఉండే పొర అయిన రెటీనాలో కణితి కావచ్చు. ఆ కణితి ప్రాణం మీదికి తెస్తుంది. తొందరగా పట్టుకుంటే బిడ్డ బతుకుతుంది, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

శుక్లం బాగా ముదిరితే తప్ప కన్ను ఎర్రబడదు, నొప్పి పెట్టదు. కాబట్టి అమ్మగారిది శుక్లం అన్నవారి మాట పక్కన పెట్టండి. కంటి లోపలి కటకం వయసుతో మసకబారడమే శుక్లం. చక్కెర వ్యాధి, పొగాకు, దెబ్బ, స్టెరాయిడ్లు దాన్ని తొందరపెడతాయి. ఎదురుగా వచ్చే లారీ దీపాలు చెదిరి కళ్లలో పడటం, ఒక చంద్రుడు రెండుగా కనిపించడం, అద్దాల నెంబరు ఆరు నెలలకోసారి మారడం మొదటి గుర్తులు. కొందరు పెద్దవారు ఈ వయసులో అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నానని సంతోషపడతారు. కటకం గట్టిపడి దగ్గరిచూపు తిరిగి వచ్చినట్టు అనిపించడం అది, శుక్లం వస్తోందనడానికి గుర్తు. ఏ చుక్కలూ, ఏ పసరూ దాన్ని కరిగించవు. ఆపరేషన్ ఒక్కటే మార్గం.

మా ప్రాంతంలో నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఒక్క మాట మీద: ఇంకా ముదరలేదు కదా, పండనివ్వండి. పూర్వం చేసే ఆపరేషన్‌కు అది అవసరమైంది. ఇప్పుడు కటకాన్ని లోపలే పొడిచేసి తీసి కృత్రిమ కటకం పెడుతున్నారు. మెత్తగా ఉన్నప్పుడే సులువు. పండేదాకా ఆగితే కటకం ఉబ్బి నీటి దారిని మూసేస్తుంది, లేదా కారి కంటి పీడనాన్ని పెంచుతుంది. అప్పుడు శుక్లం ఉన్న కన్నే ఎర్రబడి, నొప్పితో, వాంతులతో వస్తుంది. ముసలివారి తెల్లపాప ఉన్న కన్ను ఎర్రబడితే అది అత్యవసరం. ఎండాకాలం చేయించకూడదన్న మాటకూ ఆధారం లేదు. పని చేసుకోవడానికి చూపు చాలకపోతే ఆ నెలే చేయించుకోవచ్చు. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించిన అధ్యయనంలో మన మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. ఆ రోజుల్లో అంధత్వంలో సగానికి పైగా శుక్లాలూ, అద్దాలతో సరిచేయగల దృష్టిదోషాలూ కారణమని తేలింది. అంటే ఆపరేషన్‌తో, కళ్లజోడుతో పోయే చీకటిని అంతమంది మోశారు. ఆపరేషన్లు పెరిగినా పండనివ్వాలన్న మాట మాత్రం ఇంకా పోలేదు.

పొలంలో, మిల్లులో తగిలేవాటి గురించి విడిగా చెప్పాలి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల దగ్గర, కోతయంత్రం వెనుక పనిచేసేవారి కంట్లో వడ్లపొట్టు పడితే దాని గుంటవైపు కార్నియాకు అతుక్కుని అలాగే ఉండిపోతుంది. రోజుల తరబడి గరగర, ఎరుపు. చూసేవారికి గోధుమరంగు మచ్చలా ఉంటుంది, పుండు అని కూడా పొరబడతారు. తీసేస్తే హాయి. గ్రైండింగ్, వెల్డింగ్ చేసేవారి కంట్లో ఇనుపరజను గుచ్చుకుంటే తుప్పు వలయం వేస్తుంది. దాన్ని సూదితో, పిన్నుతో తోటి పనివాడు తీయకూడదు. నాలుకతో నలక తీసే మనుషులు కొన్ని ఊళ్లలో ఇంకా ఉన్నారు. నోటిలోని బాక్టీరియా గీసుకున్న కార్నియా మీదకు పోతే ఏమవుతుందో ఊహించండి. నందివర్ధనం పూల రసం, చనుబాలు, ఆముదం పోయడం కూడా అంతే. పెద్దలు ప్రేమతోనే చేస్తారు, పుండు ఉన్న కంటికి మాత్రం అది చేటు.

జిల్లేడు పాలు కంట్లో పడితే పెద్దగా నొప్పి లేకుండానే కొద్ది గంటల్లో చూపు మంచు కమ్మినట్టు అవుతుంది. రథసప్తమికి ఆకులు తెంపేటప్పుడు, వినాయకచవితికి పత్రి కోసేటప్పుడు జాగ్రత్త. నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపిస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తేటపడుతుంది. సున్నం అలా కాదు. పొగాకుతో నలుపుకునే చిన్న సున్నం డబ్బాను పిల్లలు నొక్కితే నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతుంది. ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే కడగాలి. బోరునీరైనా, కుండలో నీరైనా, రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం అరగంట పోస్తూనే ఉండాలి. రెప్పల వెనుక ఉన్న సున్నపు ముక్కలను తడిగుడ్డ కొసతో తీయాలి. పురుగుమందు చిమ్మినా కడగడమే ముందు.

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చేవారు ఫ్లోరైడ్ నీళ్ల వల్లే కళ్లు ఎర్రబడుతున్నాయా అని అడుగుతుంటారు. ఫ్లోరైడ్ దెబ్బతీసేది ముఖ్యంగా పళ్లనూ ఎముకలనూ. ఎర్రకన్నుకు కారణం వేరే చోట వెతకాలి.

ఎరుపు లేకుండా, నొప్పి లేకుండా చూపు తీసుకుపోయే జబ్బులు ఉన్నాయి, ఇంట్లో చేసే పరీక్షలకు ఇవి దొరకవు. నిదానంగా వచ్చే నీటికాసులు పక్కచూపును మెల్లమెల్లగా తింటాయి, నేరుచూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఉంటే మీరు నలభై దాటగానే పీడనం, నేత్రనాడి చూపించుకోవాలి. చక్కెర వ్యాధి రెటీనా నరాలను పాడుచేస్తుంది, అద్దాలు బాగున్నా, అక్షరాలు కనిపిస్తున్నా ఏడాదికోసారి కంటిపాపను విప్పార్చే చుక్కలు వేయించి రెటీనా చూపించాలి. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటివెలుగు శిబిరాల్లో, 2023లో రెండో విడతలో ఎంతోమందికి చత్వారపు అద్దాలు అందాయి. అది మంచి పనే. కానీ ఆ అద్దాలు ఉన్నంత మాత్రాన రెటీనా పరీక్ష అయిపోయినట్టు అనుకోకండి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి చుక్కలు కుప్పలుగా తేలడం, పక్క నుంచి నల్లతెర కమ్ముకురావడం రెటీనా ఊడిపోతోందనడానికి గుర్తు, అది కూడా ఆ రోజే చూపించుకోవలసినది. పిల్లలకు రేచీకటి ఉంటే ఎ విటమిన్ లోపం కావచ్చు, మేనరికపు ఇళ్లలో వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బూ కావచ్చు. మొదటిది మందుతో పోతుంది. అంగన్‌వాడీలో తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి వేసే ఎ విటమిన్ మందు మానకుండా వేయించండి.

అమ్మగారి పుండు పెద్దదని స్థానికంగా చెబితే హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి గానీ, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి గానీ పంపుతారు. నాగర్‌కర్నూల్ వైపు ఉండే మీ బంధువులెవరికైనా ఇలాంటి అవసరం వస్తే తూడుకుర్తిలో ఎల్వీ ప్రసాద్ వారి కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు వాడిన చుక్కల సీసాలన్నీ, చక్కెర, బీపీ మాత్రల చీటీలు సంచిలో వేసుకోండి. ఆకు ఏ రోజు తగిలిందో, చుక్కలు ఏ రోజు మొదలుపెట్టారో కాగితం మీద రాసుకోండి. దారిలో కన్నుకు బిగుతుగా కట్టు కట్టవద్దు, దూది పెట్టవద్దు. నల్లకళ్లద్దాలు పెడితే చాలు.

నాన్నగారి కండకు ఈ తొందర లేదు. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, గాలి తగలడం వల్ల తెల్లగుడ్డు మీది పొర దళసరిగా పెరగడం అది, అమ్మగారి రోగానికీ దానికీ సంబంధం లేదు, అంటుకునేది కూడా కాదు. నల్లగుడ్డు అంచుకే ఆగితే ఎండలో టోపీయో తలపాగాయో, పక్కల నుంచి కూడా కప్పే కళ్లద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. పాప వైపు పాకుతుంటే, చూపు వంకర అవుతుంటే ఆపరేషన్ చేయించాలి. ఉత్తగా కోసేస్తే చాలామందిలో మళ్లీ పెరుగుతుంది. కోసిన చోట అదే కంటి నుంచి తీసిన పలచని పొరను అతికిస్తారా అని అడగండి, అలా చేస్తే తిరిగి పెరగడం బాగా తగ్గుతుంది. అమ్మగారితో పాటు ఆయనను కూడా తీసుకెళ్లి పీడనం, రెటీనా చూపించి, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకు రండి. అమ్మగారి పుండు గీకి చూసినప్పుడు ఏమి తేలిందో ఇక్కడే రాయండి, చుక్కలు వేసే పద్ధతి గురించి మిగతాది అప్పుడు చెబుతాను.